దిగను సార్

మొన్న సాయంత్రం మా అన్న కూతురు చెన్నై నుంచి ఫోన్ చేసింది. ఓడ ఇంజన్ గదిలో ట్రైనీగా పనిచేసి వచ్చింది, ఇప్పుడు జూనియర్ ఇంజినీర్ కావడానికి నోటి పరీక్షకు పోతోంది. "చిన్నాయనా, రెండు దినాలుగా అన్నం తినబుద్ధి కాలా. నీకూ ఇట్లే ఉండెనా?" అని అడిగింది. ధైర్యం చెప్పవలసినవాణ్ణి, ధైర్యానికి బదులు నా పరీక్ష సంగతి ఎత్తుకున్నాను. ఓడలు మానేసి బంగారుపేటలో ఇల్లు కట్టుకుని కూర్చున్నా, ఆ పరీక్ష పేరెత్తితే ఇప్పటికీ నాకు భయమే.

భయం నాకు కొత్త కాదు. బంగారు గనుల కూలీలుండే కోరమండల్ లైను ఇళ్ళలో పుట్టినవాడికి అది ఉగ్గుపాలతోనే వస్తుంది. నేల కింద రాయి పగిలితే ఇంట్లో గిన్నెలు గలగలలాడేవి, అమ్మలందరూ వాకిళ్ళలోకి వచ్చి గనిలోకి దిగే షాఫ్టు వైపు చూస్తూ నిలబడేవారు. అయినా ఆ పరీక్ష భయం వేరు. చెన్నైలో ఒక వరండాలో ఏడుగురం బల్ల మీద వరసగా కూర్చున్నాం. లోపలికి పోయినవాడు తిరిగి వచ్చేటప్పటికి ముఖాన నెత్తురు చుక్క ఉండేది కాదు. నా పక్కనున్న మలయాళీ తనకు తెలిసిన దేవుళ్ళందరినీ తలచుకుని, చాలక మా ఊరి దేవుడి పేరు కూడా అడిగి తెలుసుకున్నాడు. నా వంతు వచ్చింది. పంపులూ బాయిలర్లూ అడిగినంతసేపు బాగానే చెప్పాను. అప్పుడు పరీక్ష చేసే అధికారి కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగాడు. ఖాళీ ట్యాంకులో నీ తోటివాడు స్పృహ తప్పి పడున్నాడు, పైన మూత దగ్గర నువ్వొక్కడివే ఉన్నావు, ఏం చేస్తావు? నేను ఆలోచించనైనా లేదు. "దిగి ఎత్తుకొస్తాను సార్" అన్నాను. ఆయన నా కాగితాలు మూసేశాడు. "ఇద్దరు చచ్చారు. ఇక వెళ్ళు" అన్నాడు.

జవాబు తెలియక కాదు. గాలి ఆడని ట్యాంకులోకి దిగకూడదు, కేకేసి నలుగురినీ పిలవాలి, గాలి సిలిండరున్న బ్రీతింగ్ సెట్టు వచ్చేదాకా ఆగాలి. పదిసార్లు చదివాను. పుస్తకం తలలో ఉంది గానీ నోరు మాత్రం మా ఇంటిది. నా చిన్నప్పుడు గనిలో మందు పేల్చిన పొగ తగిలి నాయన పడిపోతే, పక్కింటి మామ ఎవరు పట్టుకున్నా ఆగక పొగలోకి పోయాడు. నాయన్ని బయటికి నెట్టి, తాను అక్కడే ఉండిపోయాడు. నాయన జీవితాంతం దగ్గుతూ బతికాడు. ఆనాటి నుంచీ మా ఇంట్లో కూర ఏది వండినా, మొదటి గిన్నె మామ భార్యకు, అంటే మా అత్తకు, పంపాకే మాకు పెట్టేవారు. "పడినోన్ని వదిలేసి వచ్చినోడు మనిషి కాదప్పా" అనేవాడు నాయన. ఎక్కాలు కూడా అంత గట్టిగా నేర్పలేదు.

ఫెయిలై వచ్చాక, ఏ ప్రశ్న దగ్గర తప్పానో నాయనకు చెప్పడానికి భయపడ్డాను. మళ్ళీ తప్పితే ఇంజినీరుగా ఓడ ఎక్కనివ్వరు. తప్పకూడదంటే మామ చేసింది తప్పని ఒప్పుకోవాలి, అదీ ఆయన వల్ల బతికిన మనిషి ఎదుట. మూడు రోజులు దాచి, నాలుగో పొద్దున చెప్పేశాను. నాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "దిగనని చెప్తే పాసు చేస్తారా? అట్లాంటి సర్టిఫికెట్టు మనకేలప్పా?" అన్నాడు. అప్పుడు చూశాను, అత్త ఖాళీ గిన్నె తిరిగివ్వడానికి వచ్చి గడపలో నిలబడి ఉంది. అంతా వినేసింది.

అత్త నాయన వైపు చూడలేదు. "దిగనని చెప్పప్పా" అంది నాతో. "ఇంగ నీకూ పెండ్లాం వస్తాది. దావ చూస్తా కూర్చునేది ఎట్లుంటాదో నాకు తెలుసు." గిన్నె గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు మామ అలా అని ఉంటే ఇప్పుడు నాయన లేడన్న సంగతి మా ముగ్గురికీ తెలుసు. నాయన లేచి ఆ గిన్నె తీసి లోపల పెట్టాడు. తర్వాత, "అత్త చెప్పినట్లే చెప్పు" అన్నాడు. నాయన గొంతులో భయం వినడం నాకదే మొదలు.

రెండోసారి కూడా ఆ అధికారే. ఈసారి ఆ ప్రశ్నే ముందు అడిగాడు. "దిగను సార్" అన్నాను. ఆయన తలెత్తి ఒక్క క్షణం చూసి, తర్వాతి ప్రశ్నకు పోయాడు. పాసయ్యాను. సంతోషపడాలని గుర్తుకొచ్చేసరికి రైలు సగం దూరం వచ్చేసింది.

ఇదంతా మా అన్న కూతురికి ఫోన్లో చెప్పాను. "నిజంగానే ఎవురన్నా పడింటే దిగకుండా ఉండేవాడివా చిన్నాయనా?" అంది. తెలియదమ్మా అన్నాను. నిజంగానే తెలియదు. ఓడ దిగి ఇంటికొచ్చిన ప్రతిసారీ, అలాంటి రోజు ఈసారికీ రాలేదని దండం పెట్టుకునేవాణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా కాలం నన్ను ఆ ప్రశ్న అడగకుండానే వదిలేసింది. ఆ పిల్ల ఏళ్ళు మాత్రం ఇప్పుడే మొదలవుతున్నాయి.