సున్నా ఉందని తీసేశాను

ఆష్‌బర్న్‌కి మారిన కొత్తల్లో జరిగిందిది. ఇంటి నుంచే ఉద్యోగం. వారమంతా నన్ను పిలిచేది మైక్రోవేవ్ ఒక్కటే.

డేటాబేస్‌లో సమాచారాన్ని త్వరగా వెతికిపెట్టడానికి ఇండెక్స్‌లు ఉంటాయి. ఏది ఎన్నిసార్లు వాడారో సర్వరే లెక్కపెడుతుంది. ఎవరూ వాడనివి తీసేయమని నాకు పని అప్పగించారు. చూస్తే, ఉద్యోగంలో చేరగానే నేను తయారుచేసిన ఇండెక్స్ ఎదురుగా సున్నా ఉంది. నీ బతుకూ నా బతుకులాగే ఉందే అనుకుని తీసేశాను.

కాసేపటికే ఫ్రీమాంట్ ఆఫీసు నుంచి సరిత గారు ఫోన్ చేశారు. అంతకుముందు మా మధ్య ఈమెయిల్స్ తప్ప మాటల్లేవు.

"ఏమండీ, ఆ ఇండెక్స్ మీరే డ్రాప్ చేశారా? ఇక్కడ కస్టమర్ల స్క్రీన్లన్నీ స్టక్ అయిపోయాయి!"

"అదెవరూ వాడట్లేదండీ. కౌంట్ జీరో ఉంది."

"మీరు చూసింది మెయిన్ సర్వర్‌లో అండీ! మేం చదివేది కాపీ సర్వర్ నుంచి. దాని కౌంట్ దానిదే. మీరు అక్కడ తీసేస్తే ఇక్కడా పోతుంది. రోజంతా దాని మీదే బతుకుతున్నాం!"

వెంటనే మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టాను. అది పూర్తయ్యేదాకా ఆవిడ లైన్‌లోనే ఉన్నారు.

"ఇక్కడ ఇంకా పొద్దున్నే. మీకు మధ్యాహ్నం కదా, భోంచేశారా?" అన్నారు ఉన్నట్టుండి.

మైక్రోవేవ్ వైపు చూశాను. ఇంతలో స్క్రీన్లు తెరుచుకున్నాయి, ఆవిడ ఫోన్ పెట్టేశారు.

ఇప్పుడు ఏది తీసేయాలన్నా అన్ని సర్వర్లలోనూ లెక్క చూస్తాను. ఆ ఇండెక్స్‌ని ఇప్పటికీ రోజూ వాడుతున్నారు. నన్ను మాత్రం ఆ తర్వాత భోంచేశావా అని అడిగినవాళ్లు లేరు.