కప్పు మీద తప్పెటగుళ్ళు

భిలాయిలో రిసాలి చివర మా కాలనీలో ఎండాకాలం వస్తే కాపురమంతా పైకప్పు మీదే. మిరపకాయలు అక్కడే ఆరుతాయి, రాత్రి పక్కలు అక్కడే పరుచుకుంటాయి. ఆ కప్పులు మనుషుల్ని మోస్తాయా లేదా అని ఒకప్పుడు మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డామంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. వాళ్ళను నమ్మించగలిగిన మనిషి, మా అన్నయ్య సింహాద్రి, ఈ మాఘమాసంలో వెళ్ళిపోయాడు.

అన్నయ్య చీపురుపల్లి దగ్గరి మా ఊరి నుంచి కాంట్రాక్టు కూలీగా భిలాయి వచ్చాడు. పగలంతా ఉక్కు ప్లాంటులో కాంక్రీటు పని. సెలవు దొరికితే మేముండే క్యాంప్ 2 బస్తీ సందులో తప్పెటగుళ్ళు. రేకు తప్పెట గుండెకు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలు వేసుకుని, మా వైపు గొల్లవాళ్ళు నేల అదిరేలా ఎగిరే ఆట అది. చివర్లో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు. అందరి బరువూ మోస్తూ అడుగున నిలిచేది ఎప్పుడూ అన్నయ్యే.

ప్లాంటు క్వార్టర్లు పర్మినెంటు వాళ్ళకు. మాకు క్యాంప్ 2లో అద్దె గదులు, వానొస్తే గదిలోనే గొడుగు. తొంభై ఐదులో అన్నయ్య నలభై కుటుంబాలను కూడగట్టి గృహనిర్మాణ సంఘం పెట్టాడు. తిరగ్గా తిరగ్గా స్థలం దొరికింది. భోపాల్‌లోని ప్రభుత్వ సంస్థ ఇళ్ళకు అప్పు ఇస్తానంది. ఒప్పందం కాగితాలు కూడా తయారయ్యాయి. పని కప్పు దగ్గరికి వచ్చి ఆగింది.

మామూలు స్లాబుకు కావలసినంత ఇనుము కొనే తాహతు మాకు లేదు. ఊరంతా ఇనుము కరిగించేవాళ్ళమే, కొనలేనివాళ్ళమూ మేమే. అందుకని అన్నయ్య వేరే పద్ధతి ఎంచుకున్నాడు. సన్నటి కాంక్రీటు పలకలు నేల మీదే పోసి, గట్టిపడ్డాక దూలాల మీద పేర్చి, సందులు పూడ్చడం. సంస్థ ఒక షరతు పెట్టింది. ముందు ఒక నమూనా ఇల్లు కట్టాలి. దాని కప్పు బరువు పరీక్షలో నెగ్గితే సంతకం, లేకపోతే మామూలు స్లాబే వెయ్యాలి. అంటే మాకు ఇళ్ళు లేనట్టే.

ఆడవాళ్ళం పలకలు పోస్తుంటే అన్నయ్య వాటిని రోజూ తడిపేవాడు. సంఘంలోనే ఉంటూ సంఘాన్ని వెక్కిరించే భుజంగరావు, వరసకు మాకు బావ, వచ్చి నిలబడేవాడు.

"ఏటి బావా, అప్పడాలకి నీళ్ళు పోస్తన్నావు? నానిపోవా?"

"నానితే నీకే వడ్డిత్తాన్లే. ముందు ఆ కొస అట్టుకో."

నవ్వుతూ అన్నాడు కాని, అన్నయ్య ఆ వేసవిలో సగం మనిషయ్యాడు. నలభై కుటుంబాలు ఆయన మాట మీద వచ్చి నిలబడ్డాయి మరి.

తొలకరికి ముందు సంస్థ ఇంజనీరు దేవాంగన్ వచ్చాడు. ఎక్కడ చీలిక వచ్చినా కనిపించేలా కప్పు అడుగున తెల్లగా సున్నం వేయించాడు. పైన ఇసుక బస్తాలు పేర్పించి ఒక రాత్రంతా ఉంచాడు. తెల్లారి లోపలికి వెళ్ళి చూస్తే సున్నం చెక్కుచెదరలేదు. అయినా ఆయన ముఖం విప్పారలేదు.

"బస్తాలు కదలకుండా పడుంటాయి సింహాద్రీ. మనుషులు పడుంటారా? పండక్కి ఎక్కుతారు, పిల్లలు గెంతుతారు. ఈ కప్పు ఎక్కకూడదు అని రాయక తప్పదు నాకు," అన్నాడు హిందీలో.

ఆ మాట రాస్తే భోపాల్‌లో సంతకం కాదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

అన్నయ్య కప్పు వంక చూశాడు. "సాబ్, మా గెంతు మీరు చూళ్ళేదు కదా. చూసి రాయండి," అన్నాడు.

బస్తాలు దించారు. ఇంజనీరు లోపల ఎవరూ ఉండకూడదని గట్టిగా చెప్పి అందరినీ దూరంగా నిలబెట్టాడు. తప్పెటగుళ్ళ జట్టు గజ్జెలు కట్టుకుని నిచ్చెన ఎక్కింది. భుజంగరావు బావ రెండుసార్లు నిచ్చెన దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"ఏం బావా, కిందుంటావా?" అని పైనుంచి అడిగాడు అన్నయ్య.

"నానెక్కితే అప్పడం ఇరిగిందని నన్నంటారు. అయినా వత్తన్నాను," అని తిట్టుకుంటూ ఎక్కాడు.

తప్పెట్లు మొదలయ్యాయి. మొదట మెల్లగా, తర్వాత చెవులు గింగుర్లెత్తేలా. వాళ్ళు గాలిలోకి లేచి ఒక్కసారిగా దిగుతుంటే నా కాళ్ళ కింది నేలకూ ఆ దెబ్బ తెలిసింది. చివరికి అన్నయ్య కప్పు నట్టనడుమ, రెండు దూలాలకూ మధ్య పలక మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలిచాడు. ఆయన భుజాల మీద ఇద్దరు, వాళ్ళ మీద జట్టులో అందరికన్నా చిన్నవాడు బలరాం. తప్పెట్లు ఆగాయి.

వాళ్ళు దిగీదిగగానే ఇంజనీరు టార్చి పట్టుకుని లోపలికి నడిచాడు. వెనకే మేమూ వెళ్ళాం. అందరి కళ్ళూ పైనుండగా ఎప్పుడు దూరిందో, లోపల మా అమ్మ అప్పలకొండ మూడు రాళ్ళ పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"మాతాజీ! ఇక్కడేం చేస్తున్నారు?"

"పాలు పొంగిత్తన్నాను బాబూ. కొత్తిల్లు కదా," అంది అమ్మ తెలుగులోనే. నేను హిందీలో చెప్పాను.

"ఒప్పందం కాకుండా ఇంట్లో కాపురం పెట్టకూడదని చెప్పు."

"కాపురానికి రానేదమ్మా, పాలకే వచ్చినాను. నా కొడుకు పైనుంటే కిందుండడానికి నాకేటి బయం?"

ఇంజనీరు తలెత్తి కప్పు వెతికాడు. ఆయన టార్చి పైన ఒక చోట ఆగిపోయింది. అన్నయ్య నిలబడిన పలక పక్కన, సందు వెంట, తెల్లటి సున్నం మీద నల్లటి గీత.

వాకిట్లోకి వచ్చిన అన్నయ్య గజ్జెలు అక్కడే నిలిచిపోయాయి.

ఇంజనీరు స్టూలు అడిగి ఎక్కాడు. జేబురుమాలు తీసి ఆ గీతను తుడిచాడు. అడుగున సున్నం తెల్లగా, నున్నగా ఉంది. రుమాలు నల్లబడింది. ఒకసారి రుమాలును, ఒకసారి అమ్మ పొయ్యిని చూసి, స్టూలు మీదే పగలబడి నవ్వాడు.

"మాతాజీ, మీ మసి నలభై ఇళ్ళు ఆపేసేది."

అమ్మకు ఏం అర్థమైందో, పాలగ్లాసు అందించి, "ముందు తాగు బాబూ, తిట్టడానికేటి, ఆనక తిడుదువు," అంది.

మనుషులు ఎక్కవచ్చు అనే రాశాడాయన. వానలు ముదరకముందే ఒప్పందం పట్టుకుని ఆయనే వచ్చాడు. సంతకం కప్పు మీదే చేస్తానన్నాడు అన్నయ్య. నలభై ఇళ్ళ వాళ్ళం ఎక్కాం. ఇంజనీరు నిచ్చెన మీద ఆగిపోతే భుజంగరావు బావ చెయ్యి అందించి, "ఆజావో సాబ్, అప్పడం ఇరగదు," అన్నాడు. ఆ రోజు మా అన్నయ్య సంతకంలా నిటారుగా నిలబడిన సంతకాన్ని నేను మళ్ళీ చూడలేదు.

అన్నయ్య పెద్దకర్మ నాడు కింద చోటు చాలక పంక్తులు పైన వేశాం. విస్తర్ల ముందు కూర్చున్న జనంలో ఎవరికీ తాము దేని మీద కూర్చున్నామో అన్న ధ్యాసే లేదు. భుజంగరావు బావ మాత్రం కూర్చునే ముందు నట్టనడుమకి నడిచి, ముసలి మడమతో గట్టిగా ఒకసారి తన్ని చూశాడు.

"అప్పడం నాననేదు బావా," అన్నాడు.