కింది నుంచి వచ్చిన పిలుపు

తెల్లవారకముందే తాళ్లవనంలోకి పోయే పని నాది. ముప్పై ఏళ్లు కల్లు గీశాను. దయ్యాలనేవి ఉంటే ఊళ్లో అందరికంటే ముందు నాకే కనబడాలి. ఒక్కటీ కనబడలేదు. ఎవరైనా చూశామంటే, ఎంత తాగినవని అడిగేవాణ్ణి. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని అనను. జరిగింది రాస్తున్నాను, అంతే.

మాది జగిత్యాల దగ్గర, సారంగాపూర్ వైపు ఊరు. నేను బడికి పోలేదు. నా బిడ్డ సరిత పదో తరగతిలో ఉన్నప్పుడు నాచేత అక్షరాలు దిద్దించింది. ఇందులో తప్పులుంటే ఆమెనే అడగండి. ఆమె ఇప్పుడు నార్వేలో నర్సు. అల్లుడు శ్రీకాంత్‌ది కోరుట్ల, అతనిదీ అక్కడే కంప్యూటర్ పని. పోయిన వేసవిలో రమ్మంటే పోయాను. అప్పటికి నా భార్య చనిపోయి నాలుగేళ్లు.

ఆమెది సిరిసిల్ల. మా వైపు పాతకాలం ఆడవాళ్లు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. పెద్దబిడ్డ పేరు చెప్పి, ఫలానామె బాపూ, అంటే ఫలానామె నాన్నా, అంటారు. నేను చెట్టు మీద ఉండగా మబ్బు పట్టి ఉరిమిందంటే, ఆమె గట్టు మీదికి ఉరికి వచ్చి, దిగు దిగు అని రాగం తీసి పిలిచేది. నేను పైనుంచి "ఆఁ, దిగుతున్న" అనేవాణ్ణి. నడుముకూ చెట్టుకూ చుట్టిన మోకు సర్దుకొని దిగేవాణ్ణి. ఆలోచించే పని లేదు. పిలుపు వింటే కాళ్లే దిగేవి.

ఆ రోజు శ్రీకాంత్ ఒక చిన్న మోటారు పడవ కిరాయికి తెచ్చాడు. మేం ముగ్గురమే. అక్కడ సముద్రం కొండల సందుల్లోకి చాలా లోపలి దాకా వస్తుంది. రెండు పక్కలా కొండలు నీళ్లలోంచే గోడల్లా లేచి ఉన్నాయి. వాటి మీది నుంచి సన్నగా, తెల్లగా నీళ్లు జారుతున్నాయి. అంచున అక్కడొకటి ఇక్కడొకటి ఎర్ర చెక్క ఇళ్లు.

"ఎట్లుంది మామా మా సముద్రం?" అన్నాడు శ్రీకాంత్.

"మంచిగనే ఉంది. ఒక్క తాటిచెట్టన్న లేకపాయె."

"ఏడికి పోయినా నీకు గా చెట్ల లొల్లేనా బాపూ!" అని సరిత నవ్వింది.

నడుముకు లైఫ్ జాకెట్ పట్టీ గట్టిగా బిగించారు. మోకు కట్టుకున్నట్టే అనిపించింది. నాకు ఈత రాదు. సరితకూ రాదు. ఆ నీళ్లు మంచులాంటివని, పడితే ఈత వచ్చినవాడు కూడా ఎక్కువసేపు బతకడని శ్రీకాంత్ ముందే చెప్పాడు.

తిరిగి వస్తుంటే పొగమంచు దిగింది. మధ్యాహ్నమే. చూస్తుండగానే కొండలు పోయాయి, ఇళ్లు పోయాయి. పడవ ముందు కొస కూడా సరిగా కనబడలేదు. శ్రీకాంత్ ఫోన్‌లో మ్యాప్ ఒక్కచోటే నిలిచిపోయింది. అతను మాటలు ఆపేసి మెల్లగా నడపసాగాడు. సరిత నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు వినబడింది.

"ఓ రాజవ్వ బాపూ... దిగూ..."

నా భార్య గొంతు. ముందు నుంచి కాదు, పక్క నుంచి కాదు. కింది నుంచి వచ్చింది. నేను చెట్టు మీద ఉన్నప్పుడు ఎట్లా వచ్చేదో అట్లాగే. కానీ ఇక్కడ నా కింద ఉన్నవి నీళ్లు.

"ఆఁ, దిగుతున్న" అన్నాను. లేచి నిలబడ్డాను. నడుము దగ్గర పట్టీ సర్దుకొని, ఒక కాలు పడవ అంచు దాటించాను. ఇవన్నీ నేనే చేశాను, కానీ చేస్తున్నానని నాకు తెలియదు.

పడవ ఒక పక్కకు ఒరిగింది. సరిత రెండు చేతులతో నా పట్టీ పట్టి గుంజింది. "బాపూ! ఏడికి దిగుతున్నవ్? కూసో!"

శ్రీకాంత్ అదిరిపడి మోటారు ఆపేశాడు. నేను వెల్లకిలా పడవలో పడ్డాను. పడవ తనంతట తానే కొంచెం ముందుకు జారింది. అడుగున ఏదో గీరుకొని ఆగింది. వంగి చూస్తే, నీళ్ల కింద జానెడు లోతులో ఒక నల్లటి బండ. మోటారు ఆపకుండా పోయి ఉంటే పడవ పగిలేదే.

మంచు విడిచేదాకా అక్కడే కూర్చున్నాం. శ్రీకాంత్ తెడ్డుతో బండను తోసి పడవను వెనక్కి తీశాడు. ఒడ్డుకు చేరాక, అతను పడవ కడుతుండగా, సరిత నా పక్కన కూర్చుంది.

"అమ్మ గొంతే గదా బాపూ?"

నేను నడుము దగ్గరి పట్టీ విప్పుతున్నాను.

"గని రాజవ్వ ఎవలు?"

నా ఒళ్లు చల్లబడింది ఆ పిలుపుకు కాదు, ఈ మాటకు.

రాజవ్వ మా మొదటి బిడ్డ. వేములవాడ గుళ్లో పేరు పెట్టాం. ఏడాది నిండకుండానే జ్వరమొచ్చి పోయింది. తరువాత సరిత పుట్టింది. పోయిన పిల్ల పేరు ఇంట్లో ఎత్తొద్దని మా అమ్మ గట్టిగా చెప్పింది. ఆనాటి నుంచి నా భార్య నన్ను సరిత బాపూ అనే పిలిచింది. రాజవ్వ పేరు సరితకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తెలిసిన పెద్దలు ఇప్పుడు లేరు.

శ్రీకాంత్‌కు ఏమీ వినబడలేదు. "మోటార్ సప్పుడు కొండలకు తాకి మర్లొస్తది మామా, మాట లెక్క ఇనవడ్తది" అన్నాడు.

"మోటార్‌కు నా బిడ్డ పేరెట్ల తెలుసు?" అన్నాను.

అమ్మే కాపాడిందని సరిత అంటుంది. నేను లేవకపోతే మోటారు ఆగేది కాదట. నిజమే. సరిత పట్టుకోకపోతే నేను నీళ్లలో ఉండేవాణ్ణి. అదీ నిజమే. ఒక్క పిలుపులోనే ఈ రెండూ ఉన్నాయి. నా భార్య మమ్మల్ని ఆపిందో, నన్ను రమ్మందో నాకు అంతుబట్టలేదు. ఇంటికి వచ్చి ఏడాది అవుతున్నా అంతుబట్టలేదు.

ఒక్కటి మాత్రం తెలుసు. ఆమె దిగు అంది. నేను దిగుతున్న అన్నాను.

ఇంకా దిగలేదు.