తూకం తగ్గిన స్టాపర్

రెండు వేల ఇరవై మూడు వేసవి. పలాసలో నా జిమ్ మేడ మీద ఉంటుంది, కింద జీడిపిక్కల గోడౌన్. బరువు తగ్గిన సంతోషంలో జనం నాకు తెచ్చిపెట్టేది కూడా జీడిపప్పే. వ్యాయామ టీచరుగా బి.పి.ఎడ్. చదివేటప్పుడు ఈ ఇబ్బంది గురించి ఎవరూ చెప్పలేదు.

మే నెలలో డిల్లేశు వచ్చాడు. ఊరు జలంత్రకోట. పలాసలో ఒక జీడి వ్యాపారి దగ్గర లోడింగు చూసుకుంటూ, సాయంత్రాలు ఫుట్‌బాల్ ఆడేవాడు. ఆటలో స్టాపర్, అంటే గోల్‌కీపర్ ముందు గోడలా నిలబడే డిఫెండర్. గోడ కాస్త వెడల్పయింది. విశాఖలో ఒక కంపెనీ జట్టు ఉంది, అందులోకి తీసుకుంటే ఉద్యోగం కూడా ఇస్తారు. ఆ కోచ్ ఇతని ఆట చూసి, "ఆటా ఉంది, ఒళ్ళూ ఉంది. రెండోది తగ్గించుకుని జులైలో సెలక్షన్‌కి రా" అన్నాడట. వయసు లెక్కన డిల్లేశుకి అదే ఆఖరి సెలక్షన్.

"ఎనిమిది కిలోలు తగ్గాల సార్. బలం మాత్రం తగ్గకూడదు."

"బస్తాలోంచి పిక్కలు తీసేయాలి, బస్తా మాత్రం నిలబడే ఉండాలి. అంతేనా?"

"అంతే సార్" అన్నాడు, సీరియస్‌గానే.

పెళ్ళికి తగ్గడం వేరు, ఫుట్‌బాల్‌కి తగ్గడం వేరు. పెళ్ళిలో ఎవరూ వచ్చి గుద్దుకోరు. తగ్గడానికి మేం వాడేది కేలరీ డెఫిసిట్, అంటే ఒళ్ళు ఖర్చు పెట్టేదానికంటే కొంచెం తక్కువ తినడం. ఆ లోటుని ఒళ్ళు కొవ్వుతోనే పూడ్చుకుంటుందని హామీ లేదు. కండనీ కరిగించుకుంటుంది. అందుకే తగ్గేటప్పుడు కూడా బరువులు మానకూడదు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ చేయిస్తాం. డెడ్‌లిఫ్ట్ అంటే నేలమీది బార్‌ని వీపు నిటారుగా ఉంచి తొడల బలంతో పైకి లేపడం. ఈ కండ వాడుకలో ఉంది, దీని జోలికి రావద్దని ఒంటికి చెప్పడమన్నమాట. దానికి తోడు పప్పు, గుడ్లు, నీళ్ళు కావాలి.

మొదట్లో తూకం బాగా తగ్గింది. నాకు నచ్చనంత బాగా. జూన్ వచ్చేసరికి బార్ మొరాయించింది. అంతకుముందు తేలిగ్గా లేపిన బరువునే డిల్లేశు సగంలో దించేశాడు. ఒక సాయంత్రం ప్రాక్టీసులో కాలి పిక్కలు పట్టేసి, బంతి పక్కనుంచి పోతుంటే గ్రౌండులో కూర్చుండిపోయాడట.

"పప్పు తింటున్నావా?"

"ఇంట్లో ఏటి వండితే అదే తింతన్నాను సార్."

"నిద్ర?"

"పడతంది సార్."

"మందేమైనా అలవాటుందా?"

"నీళ్ళకే దిక్కు నేదు, మందేటి సార్."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

బరువులు తగ్గించాను, విశ్రాంతి పెంచాను. మార్పు లేదు. జిమ్‌లో మిగతావాళ్ళు మాత్రం "మాస్టారు డిల్లేశుని సన్నంగా సేసీసినారు" అని నన్ను మెచ్చుకుంటున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న మా ఉద్దానంలో వయసు కుర్రాడు ఉన్నట్టుండి నీరసపడితే అందరికీ తట్టేది ఒక్కటే, కిడ్నీ. తట్టినా ఎవరూ పైకి అనరు. నేనూ అనలేదు. "ఆదివారం మీ ఇంటికొస్తాను, భోజనం పెట్టు" అన్నాను.

వాళ్ళది ఒక గది, ఒక వంటిల్లు. రెంటికీ మధ్య, గుమ్మం పక్కన మంచం మీద డిల్లేశు తండ్రి సింహాచలం గారు పడుకుని ఉన్నారు. రోజు విడిచి రోజు టెక్కలి వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటారు. నేను కూర్చున్నాను. మా వైపు మనిషి గుమ్మం ఎక్కగానే, పేరు అడగడానికి ముందే గ్లాసుతో నీళ్ళు వస్తాయి. రాలేదు. కాసేపటికి డిల్లేశు తల్లి కాంతమ్మ గారు నన్ను పెరట్లోకి పిలిచి చెంబు అందించారు.

"ఇక్కడే తాగీ బావు. నీళ్ళు సూత్తే ఆయనకి దాహం ఎక్కువైపోద్ది."

డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి తాగిన నీరు బయటికి పోదు, ఒంట్లోనే నిలిచిపోతుంది. అందుకే రోజుకి ఇంతని కొలత. ఆయనకి కొలత పెట్టిన నాటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆయన కళ్ళముందు గుక్కెడు తాగలేదు. మంచం ఉన్నది గుమ్మం పక్కనే. అన్నం తిన్నా, ఫ్యాను కింద కూర్చున్నా ఆయన కళ్ళముందే. ఆ అలవాటుతో డిల్లేశు బయట కూడా గుక్కెడుకి మించి తాగడని తర్వాత తెలిసింది.

భోజనానికి అందరికీ ఒకటే కూర. కిడ్నీకి పడని లవణాలు పోవడానికి బీరకాయ ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ వండింది. ఉప్పు ఉందో లేదో నేను తేల్చుకోలేకపోయాను. పప్పు లేదు. డాక్టరు రాసిన గుడ్డు తెల్లసొన ఆయన కంచంలో మాత్రమే ఉంది.

"డిల్లేశుకి వేరే ఏమీ వండరా అమ్మా?" అని వంటింట్లో అడిగాను.

"ఆయనకొకటి మాకొకటి వండితే ఆయన ముద్ద ముట్టడు బావు. అందరికీ ఇదేనంటే రెండు ముద్దలు తింతాడు."

నా డైట్ ప్లాన్ ఇంగ్లీషులో ప్రింటు చేసి ఉంటుంది. తెచ్చిన ఆ కాగితాన్ని జేబులోంచి తీయలేదు.

డయాలసిస్ మనిషి పథ్యం మీద, దాక్కుని తాగిన నీళ్ళ మీద ఆ కుర్రాడు మే ఎండలో బరువులెత్తి, ఫుట్‌బాల్ ఆడాడు. మర్నాడే పలాసలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రక్తం, మూత్రం పరీక్ష చేయించారు. రిపోర్టు వచ్చేదాకా నేను ఆ వరండా అంతా నడిచాను. డిల్లేశు మాత్రం కదలకుండా కూర్చున్నాడు. కిడ్నీలు బాగానే ఉన్నాయి.

"మీ నాన్నగారి పథ్యం ఆయనకి మందులాంటిది. ఆయన మాత్రలు కూడా నువ్వే మింగుతున్నావా?" అన్నారు డాక్టరు.

"నేదండి."

"మరి ఇదెందుకు?"

బయటికొచ్చాక డిల్లేశు నాతో అన్నాడు. "నాను వేరే తింతే నాన్న తిండి మానేత్తాడు సార్. సెలక్షన్ పోతే పోనీండి."

రిపోర్టు పట్టుకుని ఇద్దరం ఇంటికి వెళ్ళాం. నేను చెప్పిందంతా సింహాచలం గారు విన్నారు.

"మాస్టారూ, ఈళ్ళు దాక్కోని తాగుతున్నారని నాకు తెల్దనుకున్నారేటి? పెరట్లో సెంబు సప్పుడు ఇనబడదా?"

"మరి ఇన్నాళ్ళూ అనలేదేం మావయ్యా?" అని అడిగాను.

"నాకోసం ఆళ్ళు సెయ్యగలిగింది అదొక్కటే. వద్దంటే ఏటైపోతారు? అందుకే ఊరుకున్నాను." కొడుకువైపు తిరిగారు. "ఒరే, గుడ్లు తెచ్చుకో. నా ఎదర కూకోని తిను. నువ్వు తినకపోతే నానూ తినను. ఇన్నాళ్ళూ మీరు నా పథ్యం తిని నాసేత తినిపించినారు కదా, ఇప్పుడు నా వంతు."

కాంతమ్మ గారు చెంబు తెచ్చారు. డిల్లేశు తండ్రి కళ్ళముందే తాగాడు. ఆయన ఆ గొంతు కదలడమే చూస్తూ ఉన్నారు, పెదవులు తడుపుకుంటూ. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. అలాగని వెళ్ళిపోబుద్ధీ కాలేదు.

తర్వాత తూకం కొంచెం పెరిగింది. ఎనిమిది అనుకున్నది అయిదు దగ్గర ఆగింది. బార్ మాత్రం మళ్ళీ లేచింది. సెలక్షన్‌లో కోచ్ ఎవరి బరువూ అడగలేదట, అందరినీ ఎండలో పరిగెత్తించాడు. ఆఖరిదాకా నిలబడినవాళ్ళలో డిల్లేశు ఉన్నాడు. తీసుకున్నారు.

అప్పటినుంచి ఎవరైనా చేరడానికొస్తే తూకం మిషను ఎక్కించకముందే, ఇంట్లో పథ్యం ఎవరికని అడుగుతున్నాను. మనిషి తినేది మనం రాసిచ్చిన తిండి కాదు, ఇంట్లో అందరి మధ్యా కూర్చుని మింగగలిగిన తిండి. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక బీరకాయ కూర పట్టింది.

మొన్న డిల్లేశు విశాఖ నుంచి ఫోన్ చేశాడు. నీళ్ళు సరిగ్గా తాగుతున్నావా అని అడిగాను.

"తాగుతన్నాను సార్. మెస్సులో ఎవులూ ఏటీ అనరు. అయినా సెయ్యి అలవాటైపోనాది, గోడ పక్కకి తిరిగే తాగుతన్నాను."

దానికి నా దగ్గర ఎక్సర్‌సైజ్ ఏదీ లేదు.