ఒకే రోజు నాటిన పసుపు

వ్యవసాయ శాస్త్రవేత్తగా నా ఆఖరి పోస్టింగు జగిత్యాల. పదవీ విరమణకు ముందు ఏడాది, ఎండాకాలం చివర్లో, పసుపు సర్వే సమాచారాన్ని డేటా పేపర్‌గా ప్రచురించే పని నాకు అప్పగించారు. మామూలు పరిశోధన పత్రంలో మన నిర్ధారణలుంటాయి. డేటా పేపర్‌లో అవి ఉండవు. ఏ సమాచారాన్ని ఎవరు, ఎట్లా సేకరించారో ఉంటుంది. అసలు పట్టికలు అందరికీ అందుబాటులో పెడతారు. వాడుకున్నవాళ్లు ఆ పేపర్‌ను ఉదహరించి తీరాలి. ఊళ్లు తిరిగినవాళ్ల పేర్లు చివర్లో కృతజ్ఞతల కింద కాకుండా రచయితలుగా వస్తాయి కాబట్టి ఈ పద్ధతంటే నాకు మహా ఇష్టం.

మా పేపర్‌కు మొదటి రచయిత రీసెర్చ్ అసోసియేట్ స్రవంతి. సిరిసిల్లలో మరమగ్గాలు, అక్కడి మాటలో సాంచెలు, నడిపే కార్మికుడి కూతురు. కోరుట్ల నుంచి చందుర్తి దాకా స్కూటీ మీద తిరిగి సమాచారం తెచ్చింది ఆమే. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి ఒక ప్రచురణ చూపించాలి. ఆమె చేతిలో ఇదొక్కటే ఉంది.

పత్రిక తరఫున పేపర్‌ను పరిశీలించే బయటి శాస్త్రవేత్తను రివ్యూయర్ అంటారు. ఆయన ఒక్క ప్రశ్నతో మా గాలి తీసేశాడు: ఇంతమంది రైతులు ఒకే రోజు పసుపు నాటారా? ఇది నిజంగా సేకరించిన సమాచారమేనా?

పట్టిక తీసి చూస్తే నిజమే, ఊరితో పనిలేకుండా చాలామంది ఒకే తేదీన నాటేశారు. రైతులేమో "మిరుగంల ఏసినం" అన్నారు. మిరుగం అంటే మృగశిర కార్తె, దాదాపు రెండు వారాలుంటుంది. కంప్యూటర్ తేదీ తప్ప మరేదీ తీసుకోనంటే స్రవంతి అందరికీ కార్తె మొదటి రోజునే తేదీగా ఎక్కించేసింది. నాకు నవ్వాగలేదు. ఆమెకు ఏడుపాగలేదు.

"దొంగ డేటా అంటున్నరు మేడం. ఇగ నాకు సీటేడిది?"

కోరుట్ల వెళ్లి తేదీలు మళ్లీ అడిగాం. మొదటి రైతే మమ్మల్ని వెనక్కి పంపాడు. "మిరుగంల ఏసిన అని చెప్పిన గద బిడ్డా! వాన పడ్డది, ఏసిన. ఏ తారీఖంటె యాడికెల్లి తేవాలె?"

తిరుగు దారిలోనే ఒక నిర్ణయానికి వచ్చాం. తేదీ గడి తీసేసి కార్తె పేరు రాశాం. పక్కనే అది మొదలయ్యే రోజు, ముగిసే రోజు పెట్టాం. జరిగిన పొరపాటును దాచకుండా వివరణలో చెప్పి, పేపర్‌ను తిరిగి పంపాం.

ఇంటర్వ్యూ వారంలోనే పత్రిక నుంచి జవాబొచ్చింది. పేపర్‌ను ప్రచురణకు తీసుకున్నారు. స్రవంతి ఫోన్లో ఒకటే కేకలు: "మేడం, అచ్చింది! నా పేరే ముందున్నది. మా బాపు సాంచెలు బంద్ వెట్టి మరీ నాతోని సదివిపిచ్చుకున్నడు!" తర్వాత సీటూ వచ్చింది.

రైతు కార్తె చెబితే కార్తే రాయాలి. మనకు తెలియని తేదీ రాస్తే గడి నిండుతుంది, పట్టికను మాత్రం ఎవరూ నమ్మరు.