ఎడం చేతి అతుకు

నగరి నేతగాళ్ళ వీధిలోకి పోయి గోవిందస్వామి ఇల్లు యాడ అంటే ఏ గోవిందస్వామి అని ఎదురడుగుతారు. కనికట్టాయన ఇల్లు యాడ అంటే మాత్రం చంటిపిల్ల కూడా వేలు పెట్టి చూపిస్తాది. పగలు మగ్గం, జాతరలొస్తే కనికట్టు. ఆ విద్య కార్వేటినగరంలో ఒక ముసలాయన కాళ్ళకాడ కూర్చొని నేర్చుకున్నాడు.

చేతులు మంచివే, నోరే లేదు. చెవిలోంచి గుడ్డు తీసినా, రూపాయి బిళ్ళను మాయం చేసినా, బియ్యం కొలిచి పోసేవాడి మాదిరి గమ్మున చేసుకుంటా పోయేవాడు. జనం కాసేపు చూసి, "అంగీ చేతిలో ఉండాదిలేబ్బా" అని లేచి పోయేవాళ్ళు. పక్కన డోలు కొట్టే గురప్పకు ఒళ్ళు మండేది.

"ఏమప్పా, వట్టి చేతులు ఆడిస్తే చేతులనే సూస్తారు. నీ కడుపులో ఏదన్నా కదిలితే కదా వాళ్ళ కడుపులో కదిలేది" అనేవాడు.

గోవిందస్వామి నవ్వి సంచి సర్దుకునేవాడు. కడుపులో కదిలేదంతా ఇంట్లో ఉండె. పెళ్ళాం జ్ఞానాంబ పక్క మగ్గంలో కూర్చొని నేస్తా ఉంటే, ఈయన తన మగ్గం ఆపి ఆమె చేతులు చూసేవాడు. ఆమెది ఎడం చేతివాటం. పోగు తెగితే వేలికి గంజి తడి చేసుకొని ఎడమకు మెలేసి అతికేది. వీధిలో అందరూ కుడికి మెలేస్తారు. గుడ్డ తడిమితే చాలు, ఇది జ్ఞానాంబ నేసింది అని ఆడోళ్ళు కళ్ళు మూసుకొని చెప్పేవాళ్ళు.

డెబ్బై ఆరులో, తిరుపతి గంగమ్మ జాతరలో గోవిందస్వామి ఆట ఆడతా ఉండంగా, ఈడ జ్ఞానాంబ మగ్గం గుంటలోనే గుండె పట్టుకొని ఒరిగిపోయింది. పక్కన ఉండింది కూతురు పంకజాక్షి ఒక్కతే. పదహారేళ్ళ పిల్ల. కబురంది ఆయన వచ్చేసరికి తెల్లారింది. అంతా ముగిసిపోయింది.

మగ్గం మీద నేరేడు రంగు చీర సగం నేసి ఉంది. వాళ్ళలో ఒక కట్టుబాటు ఉండాది. నేస్తా నేస్తా మనిషి పోతే, ఆ చీరను ఇంకో చేయి ముగించకూడదు, ఇంట్లో ఉంచుకోనూ కూడదు. కోసి వాళ్ళతోనే చితి మీదికి పంపాల. మిగిలితే పోయినోళ్ళకు పని మిగిలినట్టంట, కాలు సాగదంట. పంకజాక్షి ఏడుపు దిగమింగుకొని చెప్పింది.

"నాయనా, అమ్మ ఒక్క మాటే అన్నింది. సీర నాతో పంపేయమను మీ నాయన్ను, అన్నింది."

గోవిందస్వామి తలూపి లోపలికి పోయి, తలుపు మూసుకొని చీర కోసినాడు. ఆమె వేళ్ళ తడి ఇంకా ఆరలేదేమో అనిపించింది. దాన్ని నిప్పులో వెయ్యడానికి ఆయనకు చేతులు రాలేదు. పాత పంచె ఒకటి మడిచి మూట కట్టి కట్టెల మీద పెట్టినాడు. ఎంతమంది కళ్ళ ముందర గుడ్లు మాయం చేసినాడో, ఆ పొద్దు కన్నకూతురు కళ్ళ ముందర కూడా అదే పని చేసినాడు పాడు మనిషి. చీర రేకుపెట్టెలో అడుక్కు పోయింది.

కొన్నాళ్ళకు పుత్తూరులో ఆట. చేతి రుమాలు కత్తిరించి అతికే ఆట ఒకటి ఉండేది. ఆ పొద్దు రుమాలు బదులు ఆయన జ్ఞానాంబ చీర తీసుకుపోయినాడు. కిటుకు పాతదే. అదే పడుగులో జ్ఞానాంబ అంతకు ముందు నేసి ముగించిన నిండు చీర చేతిలో మడత పెట్టుకోవడం, సగం చీరలోంచి కోసిన చిన్న ముక్కను ఆ మడతలోంచి పైకి లాగి కత్తిరించడం, కత్తిరించిన తునకలు అంగీ చేతిలోకి పోనిచ్చి నిండు చీర విప్పి చూపించడం.

కత్తెర పట్టుకున్నంక ఆయనకు నోరు వచ్చింది. జ్ఞానాంబ గురించి చెప్పినాడు. ఎడమకు మెలేసే వేళ్ళ గురించి చెప్పినాడు. తర్వాత, ఎందుకు చెప్పినాడో ఆయనకే తెలీదు, జరగనిది కూడా చెప్పినాడు. "పోతా పోతా నా చేయి పట్టుకొని అన్నింది. నా సీర తెగితే నన్ను పిలువు, వచ్చి అతికిస్తా అన్నింది." తల ఎత్తి పిలిచినాడు. "జ్ఞానాంబా, వచ్చినావా?"

చీర విప్పితే నిండుగా ఉంది. ఒక్క అరుపు లేదు, చప్పట్లు లేవు. ఆడోళ్ళు కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తా ఉండారు. గురప్ప డోలు కొట్టడం మర్చిపోయినాడు.

అప్పుటి నుంచి శ్రీకాళహస్తి అనీ, చిత్తూరనీ పిలుపులే పిలుపులు. ఊరూరా కోసిన తునకల్ని ఆయన పారేయలేక రేకుపెట్టెలోనే వేసేవాడు. ఒకనాడు పెట్టె తెరిస్తే తునకలు లేవు. తునకలన్నీ కలిసి ఒక గుడ్డయి ఉండాయి. పోగుపోగునా అతుకు. తడిమి చూసినాడు. అన్నీ ఎడమకే మెలేసి ఉండాయి, వేలికి గంజి జిగురు తగిలింది.

కూతురే చేసిందేమో అని ఆమె నేసిన పంచె తడిమి చూసినాడు. ఆమెది కుడి మెలి. పెట్టెకు తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇంకో ఆట ఆడి వచ్చి తెరిస్తే మళ్ళా అంతే. గోవిందస్వామికి ఒళ్ళు జల్లుమంది, కానీ అబద్ధమెందుకు, ఆ భయం కింద సంతోషం కూడా ఉండె. నా పెళ్ళాం నేను పిలిస్తే వస్తా ఉండాది అనుకున్నాడు. ఇంకా గట్టిగా, ఇంకా ప్రేమగా పిలవడం మొదలుపెట్టినాడు.

పిలిచేకొద్దీ ఇంట్లో పిల్ల ఎండిపోతా వచ్చింది. ఆయన ఆట ఆడి వచ్చిన మరునాడల్లా పంకజాక్షి ముద్ద ముట్టదు, మాట పలకదు. వాకిట్లో గోడకు ఆనుకొని కూర్చుంటాది, లోపలికి రమ్మంటే రాదు. మందులు తాపించినారు, తాయెత్తు కట్టించినారు. తల్లి మీద బెంగ అన్నారందరూ. ఆయనా అదే అనుకున్నాడు, అనుకుంటే సులభం కదా.

ఒక మధ్యాన్నం కరెంటు పోయింది. అప్పుటికే వీధిలో సగం కరెంటు మగ్గాలు, అవన్నీ ఒక్కసారిగా ఆగిపోయినాయి. ఆ నిశ్శబ్దంలో ఆయన ఇంట్లోంచి మగ్గం చప్పుడు, టక్, టక్, నిదానంగా. వాకిట్లో కూతురు రెండు చేతులా చెవులు మూసుకొని ఉంది. గోవిందస్వామి లోపలికి ఉరికినాడు. మగ్గం ఖాళీ. పోగును కొట్టే పలక ఒక్కటే ఊగతా ఉంది.

"ఏం సూసినావు తల్లీ?" అని అడిగినాడు. పంకజాక్షి తల అడ్డంగా ఊపింది. నాకు పిచ్చి పట్టిందంటారని ఆ పిల్ల ఎవురికీ చెప్పకుండా మింగుకుంటా ఉండె.

మళ్ళా గంగమ్మ జాతర వచ్చింది. "పిల్లను పిల్చుకొని రా అప్పా, అమ్మోరికి పొంగలి పెట్టిద్దాం, నయమైపోతాది" అన్నాడు గురప్ప. అట్లా, ఎన్నడూ నాయన ఆట చూడని పంకజాక్షి తిరుపతిలో ముందు వరసలో కూర్చుంది. ఎండ మండిపోతా ఉంది. జనం ఇసకేస్తే రాలనట్టున్నారు.

కథ చెప్పినాడు. కత్తిరించినాడు. "జ్ఞానాంబా, వచ్చినావా?" అని పిలిచినాడు.

తునకలు అంగీ చేతిలోకి జారలేదు. పిడికిట్లోనే ఉండిపోయినాయి, తడి తడిగా, చల్లగా. ఎవురో ఆయన వేళ్ళ మధ్య వేళ్ళు పెట్టి మెలేస్తా ఉండారు, ఎడమకు. పిడికిలి విప్పినాడు. కోసిన ముక్క కోయనట్టే ఉంది.

ముందు వరసలో పంకజాక్షి లేచి నిలబడింది. ఆమె నాయన్ను చూడలేదు. నాయనకు ఎడమ పక్కన, ఏమీ లేని చోట చూస్తా ఉంది.

"అమ్మా, సాలు. అలిసిపోయినావు, కూసో" అన్నింది.

తర్వాత నేరేడు రంగు గుడ్డ మీదికి చూపు తిప్పింది. "నాయనా, అమ్మ సీర పంపలేదా నువ్వు?"

జనం ఘొల్లుమని ఏడ్చినారు. ఇదీ ఆటలో ముక్కే అనుకొని చప్పట్లు కొట్టినారు. గోవిందస్వామి ఆ చప్పట్లలో నిలబడి, తప్పు చేసిన పిల్లోని మాదిరి తల దించుకున్నాడు. "లేదమ్మా. నాకు చేతులు రాలేదు" అన్నాడు.

"నువ్వు పిలిచినప్పుడల్లా వస్తా ఉండాది నాయనా. వచ్చి గుంటలో కూసుంటాది. ఎప్పుడు పంపిస్తారని నన్నే అడగతాది."

అంతే, ఆట అంతటితో ఆపేసి దిగి వచ్చినాడు. మరునాడు తెల్లారుతూనే నగరి ఏటి ఒడ్డున, జ్ఞానాంబను కాల్చిన చోటే, తండ్రీకూతుళ్ళిద్దరే కట్టెలు పేర్చినారు. నిండు చీర, సగం చీర, తునకలు, అన్నీ పెట్టినాడు. మంట అంటుకుంది. గంజి కాలిన వాసన వచ్చింది, ఇంట్లో జ్ఞానాంబ ఉన్నప్పటి వాసన. ఏడాదిగా ఊరూరా పిలిచి పిలిచి అలవాటైన ఆయన నోరు, దానంతట అదే తెరుచుకుంది.

"జ్ఞానా..."

పంకజాక్షి అరచేయి వచ్చి ఆయన నోరు మూసింది. గట్టిగా మూసింది. ఆ చేతి కింద ఆయన పెదవులు అదిరినాయి, కన్నీళ్ళు ఆమె వేళ్ళ మీదుగా కారినాయి. మంట ఆరి బూడిదయ్యేదాకా ఆ పిల్ల చేయి తియ్యలేదు.

తర్వాత తీసి, పావడాకు తుడుచుకొని, ఇంటిదిక్కు చూసింది.

"ఆకలేస్తా ఉండాది నాయనా" అన్నింది.