బాపు కంచంలో కుందేలు

మా తొండుపల్లిలో ఒక మాట మొదలుపెడితే పూర్తిచేసే యోగం లేదు. నెత్తిమీంచి విమానం పోతుంది. ఆగాలి. అది పోయేసరికి ఏం చెప్పబోయామో మర్చిపోతాం. మా ఇంట్లో పెద్ద గొడవలు కాకపోవడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం.

నేను మాత్రం ఒక మాటను ఏళ్ల తరబడి మింగుతూనే ఉన్నాను. అది అరగదు, బయటికీ రాదు. మీకు చెప్పగలుగుతున్నానంటే, మీరు మా బాపును చూడలేదు కాబట్టి.

లాక్‌డౌన్‌లో విమానాలు ఆగాయి. ఎయిర్‌పోర్టు కార్గోలో నా ఉద్యోగం కూడా ఆగింది. నెల జీతం వస్తోందని రేషన్ కార్డు అంతకుముందే తీసేశారు. మిగిలినవి కుందేళ్లు. పెంచితే మేమే కొంటామని ఒక కంపెనీ నాకు అంటగట్టి మాయమైంది. డిగ్రీ చదివినవాణ్ని కదా, నమ్మాను. అమ్ముడుపోని వెంచర్ ప్లాట్ల నిండా గడ్డి. అవి గడ్డి తిన్నాయి, మేం వాటిని తిన్నాం.

బియ్యం కొద్దిగా ఉన్నాయి. బాపుకు షుగర్. అన్నం తగ్గించమని డాక్టర్ ఎప్పుడో అన్నాడు. ఆ మాటకు నేను కొంచెం మెరుగులు దిద్దాను.

"అన్నం ఇగ బందే బాపు. డాక్టర్ చెప్పిండు. మాంసమే తినాలె."

"జర గింత గూడ వద్దా?"

"వద్దు. నీకేంది, దినాం దావతే."

నవ్వాడు. మా ఇంట్లో నా జోకులకు నవ్వేది ఆయనొక్కడే.

మా ఇళ్లల్లో పెద్దమనిషికే ముందు పెడతారు. వాకిట్లో మంచం మీద ఆయన తిని చెయ్యి కడిగాకే మిగతావాళ్లు లోపల కూర్చోవాలి. ఆ మర్యాద నాకు బాగా పనికొచ్చింది. ఆయనకు ఉప్పూ కారం వేసి ఉడకబెట్టిన కుందేలు. తర్వాత తలుపు దగ్గరికేసి మాకు అన్నం. పిల్లల కోసమే అని నా భార్యతో అన్నాను. పిల్లల కోసమే అయితే నా కంచంలో ఎందుకుంది? ఈ ప్రశ్న అప్పుడు రాలేదు. తిన్నాక కూడా రాలేదు.

కడుపు నిండుతున్నా ఆకలి పోవడం లేదని బాపు రోజూ అనేవాడు. విరేచనాలు పట్టుకున్నాయి. బుగ్గలు లోపలికి పోయాయి. ఒకరోజు గడప దాటుతూ పడ్డాడు. తుంటి విరిగింది.

దవాఖానలో డాక్టర్ ఏం తింటున్నాడని అడిగాడు. కుందేలు మాంసంలో కొవ్వు ఉండదట. అదొక్కటే తింటే మనిషి తింటూ తింటూనే ఎండిపోతాడట. అన్నం ఎందుకు పెట్టలేదన్నాడు. "మొండోడు సార్, వద్దంటడు" అన్నాను. బాపు పక్క మంచం మీదే ఉన్నాడు. నా మొహం చూశాడు. తర్వాత డాక్టర్ వైపు తిరిగి, అవునని తలూపాడు.

బియ్యం దాచింది ఆకలి. ఈ అబద్ధం చెప్పించింది ఏమిటి? సిగ్గా? భయమా? ఏ పేరు పెట్టినా నాకు కొంచెం అనుకూలంగానే వినిపిస్తోంది. అందుకని పెట్టను. బాపు అప్పట్నుంచి కర్ర లేకుండా నడవలేదు. చుట్టాలొస్తే మాత్రం, అంత కరువులో మావోడు దినాం మాంసం పెట్టిండని చెప్తాడు. నేను నీళ్లు తాగే పని పెట్టుకుంటాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరేం చేయగలరు? రాశాక ఛాతీ మీద కొంచెం బరువు తగ్గింది, అంతే. కానీ మీకన్నా ముందు ఆయనకు చెప్పాలి కదా అని, ఇవాళ పొద్దున వాకిట్లో మంచం పక్కన కూర్చున్నాను.

"బాపు, అప్పుడు ఇంట్ల బియ్యం..." అన్నాను. విమానం వచ్చింది. ఆగాను. అది పహాడీ షరీఫ్ వైపు వెళ్లి చప్పుడు సన్నబడేదాకా ఇద్దరం పైకే చూశాం.

"అప్పుడు గివి లేకుండెగదరా" అన్నాడు బాపు. "మీరు అన్నం గిన్నె గీకుతుంటే మంచిగ ఇనొచ్చేది."